గాయపాకు: ఒక ఆకు పేర్లలోని వైద్య చరిత్ర
(ఇంద్రేశం - పటాన్‌చెరు ప్రాంత నేపథ్యంలో మధుమేహ వ్రణ చికిత్సపై పరిశీలన)

వ్యాస సంగ్రహం: మధుమేహ రోగుల పుండ్లను మాన్పగల ఔషధ పత్రాలపై ఇటీవల ప్రయోగశాలల్లో విరివిగా పరిశోధన జరుగుతోంది. ఆ పరిశోధనా పత్రాల తొలి వాక్యాల్లో ‘ప్రాచీన కాలం నుండి వాడుకలో ఉన్న’ అనే విశేషణం తరచుగా కనిపిస్తుంది. తెలుగు పల్లెల్లో గాయాలకు వాడే గడ్డిచామంతి ఆకు విషయంలో ఈ విశేషణం ఎంతవరకు చెల్లుతుందో ఆ మొక్క పేర్ల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. పేరును చారిత్రక పత్రంగా చదివితే ఒక జ్ఞానం ఎంత పాతదో, దాని హద్దు ఎక్కడుందో తెలుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గాయపాకు, నల్లారం, వ్రణం, పుండు, మధుమేహం, పత్రదానం, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని ఇంద్రేశం ఒకప్పుడు వ్యవసాయ గ్రామం. నేడు దాని చుట్టూ కర్మాగారాలు, వాటిలో పనిచేసే వారి నివాసాలు, కొత్త కాలనీలు విస్తరించాయి. ఈ ప్రాంతానికి చరిత్ర కొత్త కాదు. కల్యాణీ చాళుక్య ప్రభువు రెండవ జయసింహుని (1015-1042) కాలంలో రాజధానిగా శాసనాలకెక్కిన ‘పొట్టలకెరె’ నేటి పటాన్‌చెరువేనని చరిత్రకారులు గుర్తించారు. కన్నడ ‘కెరె’, తెలుగు ‘చెరువు’ రెండూ ఒకే అర్థాన్నిచ్చే మాటలు. పాలన మారినా, పలికే భాష మారినా ఊరిపేరు చెరువును విడిచిపెట్టలేదు. రాతిపై చెక్కిన మాటతో పాటు నోటి మాట కూడా చరిత్రకు ఆధారమవుతుందనడానికి ఈ ఊరిపేరే నిదర్శనం. ఊరిపేరుకు వర్తించే ఈ పద్ధతి మొక్క పేరుకూ వర్తిస్తుంది.

పొలం గట్ల మీద, రోడ్ల పక్కన, ఇళ్ల మధ్య ఖాళీ స్థలాల్లో నేలబారుగా పాకే మొక్క గడ్డిచామంతి. దీని శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. కొడవలి తెగినా, ముల్లు గీరినా, పిల్లలు పడి మోకాలు చెక్కుకుపోయినా ఈ ఆకును అరచేతిలో నలిపి పసరు పిండడం తెలుగు పల్లెల్లో ఎరిగిన చికిత్స. ఈ ఆకు సారాన్ని మధుమేహ వ్రణాలపై పరీక్షించడం ఆధునిక ఔషధశాస్త్రంలో ఒక అంశంగా స్థిరపడింది. పల్లె చికిత్సకూ ప్రయోగశాల పరీక్షకూ నడుమనున్న దూరాన్ని కొలవకుండానే రెండింటినీ ‘సంప్రదాయం’ అనే ఒక్క మాటతో కలిపివేయడం జరుగుతోంది. ఆ దూరాన్ని కొలవడానికి భాషాసాహిత్య పరిశోధకుని వద్ద ఉన్న సాధనం పదం.

2. శాస్త్రగ్రంథాలలో వ్రణం, మధుమేహం, ఆకు

మధుమేహికి పుండు త్వరగా మానదనే ఎరుక చాలా పాతది. సుశ్రుత సంహిత సూత్రస్థానం 23వ అధ్యాయంలో కష్టసాధ్యమైన వ్రణాలను చెప్పేచోట కుష్ఠరోగుల, విషం సోకినవారి, క్షయరోగుల వ్రణాలతో పాటు మధుమేహుల వ్రణాలనూ పేర్కొన్నారు. చికిత్సాస్థానం 12వ అధ్యాయం ప్రమేహ పిడకలకే ప్రత్యేకం. ప్రమేహం ముదిరినప్పుడు శరీరంపై లేచే కురుపులను చరకుడు 7 రకాలుగా, సుశ్రుతుడు 10 రకాలుగా వర్గీకరించారు. వ్యాధికీ పుండుకూ గల సంబంధాన్ని ఆ గ్రంథకర్తలు స్పష్టంగా గుర్తించారని దీనివల్ల తెలుస్తుంది.

ఆకులతో వ్రణ చికిత్స కూడా అంతే పాతది. చికిత్సాస్థానం మొదటి అధ్యాయంలో సుశ్రుతుడు చెప్పిన 60 వ్రణోపక్రమాలలో ‘పత్రదానం’ ఒకటి. మందు పూసిన పుండుపై ఆకు కప్పడం దీని ప్రక్రియ. పూసిన మందులోని తడి, జిడ్డు ఆరిపోకుండా కాపాడడం, చల్లదనాన్ని గాని వెచ్చదనాన్ని గాని కలిగించడం దీని ప్రయోజనం. దోషాన్ని బట్టి ఆకును ఎంచుకోవాలి. వాతవ్రణానికి ఆముదం వంటి ఆకులు, పిత్తరక్త వ్రణాలకు పాలుగారే చెట్ల ఆకులు, కఫవ్రణానికి తిప్పతీగ వంటివి విధించబడ్డాయి. కప్పే ఆకు గరుకుగా ఉండకూడదని, చిరగకూడదని, ముదిరినదీ పురుగు కొట్టినదీ పనికిరాదని, లేతగా మెత్తగా ఉండాలని నియమం.

ఈ నియమం మన పరిశీలనకు కీలకం. గడ్డిచామంతి ఆకు నూగుతో గరుకుగా ఉంటుంది. సుశ్రుతుని కొలమానం ప్రకారం అది పత్రదానానికి అనర్హం. పల్లె చికిత్సలో కూడా దీనిని కప్పరు. నలిపి పసరు పిండుతారు, లేదా ముద్దగా నూరి పెడతారు. అంటే గాయపాకు వాడుక పత్రదాన సంప్రదాయానికి కొనసాగింపు కాదు. అది వేరొక దారిలో వచ్చింది.

తెలుగు నేలపై ఆయుర్వేదానికి ప్రామాణిక గ్రంథమైన బసవరాజీయం సంస్కృత శ్లోకాలను తెలుగు వివరణతో జోడించి, శాస్త్రాన్ని తెలుగు వైద్యుని చేతికందించింది. వస్తుగుణదీపిక వంటి ముద్రిత గ్రంథాలు ద్రవ్యాల గుణాలను తెలుగులో అకారాదిగా కూర్చి ఇంటింటి వైద్యానికి దోహదం చేశాయి. ఈ గ్రంథ పరంపరకు మూలం సంస్కృత నిఘంటువులు. గడ్డిచామంతికి ఆ నిఘంటువులలో చోటు లేకపోవడానికి బలమైన కారణం ఉంది.

3. మొక్క వచ్చిన దారి

గడ్డిచామంతి ఉష్ణమండల అమెరికాకు చెందిన మొక్క. లిన్నేయస్ 1753లో దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. 1492కు ముందు ఈ మొక్క భారత భూభాగంలో ఉండే అవకాశం లేదు. కనుక చరక సుశ్రుతులకు దీని గురించి తెలియదు. కొన్ని ఆధునిక సంకలనాలు దీనికి ‘జయంతివేద’ అనే సంస్కృత నామాన్ని చూపుతాయి. మొక్క వచ్చిన తరువాత దానికి కట్టబెట్టిన గౌరవనామంగానే దానిని గ్రహించాలి. సంస్కృత నామం ఉన్నంత మాత్రాన ప్రాచీనత సిద్ధించదు.

అమెరికా నుండి వచ్చిన మిరప, బొప్పాయి, జామ, పొగాకు కూడా మనకు ‘మనవి’ అయిపోయాయి. వీటిలో బొప్పాయి తన విదేశీ నామపు ఛాయను నిలుపుకొన్నది. ఎవరో తెచ్చి, పేరు చెప్పి, నాటి, పెంచిన మొక్కకు తెచ్చినవారి మాట అంటుకుంటుంది. గడ్డిచామంతిని ఎవరూ కోరి నాటలేదు. అది కలుపుగా వచ్చింది. అందువల్ల దాని వెంట విదేశీ పేరు రాలేదు. కలుపు తీసిన చేతులే దానికి పేరు పెట్టాయి. ఆ పేర్లలో ఏ ఒక్కటీ పుస్తకం నుండి దిగినది కాదు.

4. పేర్ల సాక్ష్యం

తెలుగులో ఈ మొక్కకు వినిపించే పేర్లను నాలుగు వర్గాలుగా చూడవచ్చు.

మొదటిది పోలిక. ‘గడ్డిచామంతి’ అనే పేరు తెలిసిన పువ్వుతో తెలియని పువ్వును పోల్చింది. చామంతిలా ఉన్నది, కాని గడ్డిలో మొలిచినది. ఇది కొత్త మొక్కను చూసిన తొలి చూపు.

రెండవది ఆట. పొడవైన కాడ చివర ఒంటరిగా నిలిచే పూతలను పిల్లలు వేలితో ఎగరగొడతారు. దానినుండి ‘రావణాసురుడి తల’ అనే పేరు వచ్చింది. తమిళంలో ఇదే పువ్వును ‘తాత్తాపూ’ అంటారు. అక్కడి పిల్లల ఆటలో తెగిపడేది తాత తల. మరాఠీలో ‘ఏకదాండీ’ అనే పేరు ఆ ఒంటి కాడనే పట్టుకొన్నది.

మూడవది బడి. ఈ ఆకును పలకమీద రుద్ది రాతను తుడిచేవారు, పలకను నల్లబరిచేవారు. అందుకు ‘పలకాకు’ అన్నారు. తెలంగాణలో వినిపించే ‘నల్లారం’ అనే పేరులోని మొదటి భాగం కూడా ఈ నలుపునే స్ఫురింపజేస్తుంది. సుశ్రుతుడు దోషంగా చెప్పిన గరుకుదనం ఇక్కడ గుణమైంది. పల్లె పిల్లల చేతికి పలక అందిన కాలానికి ముందు ఈ పేరు పుట్టి ఉండదు. అంటే ఈ పేరు తన కాలాన్ని తానే చెబుతున్నది.

నాలుగవది చికిత్స. ‘గాయపాకు’ అనే పేరు గాయానికి వాడే ఆకు అని సూటిగా చెబుతుంది. తమిళంలోని ‘వెట్టుక్కాయప్పూండు’ మరింత నిర్దిష్టమైనది: అది తెగిన గాయానికి వాడే మొక్క. పక్కపక్క భాషల్లో ఒకే వాడుక ఒకే తీరున పేరుగా స్థిరపడడం ఆ వాడుక విస్తృతికి నిదర్శనం.

ఒడియాలో ఈ మొక్కకు ‘బిశల్యకరణి’ అని పేరు. రామాయణ యుద్ధకాండలో హనుమంతుడు తెచ్చిన నాలుగు ఓషధులలో విశల్యకరణి ఒకటి. శరీరంలో దిగిన బాణాలను తొలగించి గాయాన్ని మాన్పేది అని ఆ పేరుకు అర్థం. సముద్రాలు దాటి వచ్చిన కలుపుమొక్కను ఒడియా సమాజం రామాయణ ఓషధిగా గుర్తించింది. తెలుగు బాలలు అదే మొక్కలో రావణుని తల చూశారు. ఒకే కథ రెండు భాషల్లో ఒకే మొక్కకు రెండు వైపుల నుండి తగులుకొన్నది. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఒడిశా నుండి వచ్చిన కార్మికులు గణనీయంగా ఉన్నారు. కర్మాగారపు గోడ పక్కన మొలిచిన ఒకే మొక్కను ఒకరు నల్లారం అని, మరొకరు బిశల్యకరణి అని పిలవగల చోటు ఇది. బహుభాషా ప్రాంతంలో మొక్కపేర్ల సేకరణకు ఇంతకన్నా అనువైన స్థలం అరుదు.

5. గాయం, పుండు: పేరు గీసిన హద్దు

‘గాయపాకు’ అనే పేరులో మనం తరచుగా గమనించని మరొక సాక్ష్యం ఉంది. అది గాయపాకు మాత్రమే, పుండాకు కాదు.

‘గాయం’ అనే మాటను ‘ఘాతం’ అనే పదానికి వికృతిగా భావిస్తారు. దెబ్బవల్ల కలిగినది గాయం. ‘పుండు’ ద్రావిడ పదం. తమిళ ‘పుణ్’, కన్నడ ‘హుణ్ణు’ దీని సోదరరూపాలు. లోపలినుండి లేచినది, చీము పట్టినది, మానక నిలిచినది పుండు. తెలుగు వ్యవహారంలో గాయం మానకపోతే పుండు పడుతుందే గాని, పుండు ముదిరి గాయం కాదు. ఈ భేదం సుశ్రుతుని విభజనకు దగ్గరగా ఉంటుంది. ఆయన వ్రణాలను శారీరమనీ ఆగంతుకమనీ రెండుగా విడదీసి, దెబ్బలవల్ల కలిగే సద్యోవ్రణాలకు వేరే అధ్యాయం కేటాయించాడు.

మధుమేహి పాదంలో లేచేది ఈ అర్థంలో గాయం కాదు, పుండు. రక్తంలో చక్కెర ఎక్కువకాలం అదుపు తప్పితే నరాల స్పర్శ తగ్గుతుంది. చెప్పు కరచినా, రాయి గుచ్చుకొన్నా నొప్పి తెలియదు. చిన్న రక్తనాళాలలో ప్రసరణ మందగిస్తుంది. సూక్ష్మజీవులను ఎదుర్కొనే శక్తి క్షీణిస్తుంది. మధుమేహులలో 19 నుండి 34 శాతం మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పాదవ్రణం వచ్చే అవకాశం ఉందని 2017లో వెలువడిన ఒక ప్రామాణిక సమీక్ష అంచనా వేసింది. భారతీయ వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు దేశంలో మధుమేహుల సంఖ్య సుమారు 10.1 కోట్లుగా తేలింది. ఇంత పెద్ద సమూహానికి గాయపాకు పుండును మాన్పుతుందని చెప్పేముందు పేరు గీసిన హద్దును దాటుతున్నామని గుర్తించాలి.

వ్యాధికి గల పేర్లు కూడా ఈ మార్పును చూపుతాయి. ‘మధుమేహం’ గ్రంథపదం. తెలంగాణలో ఉర్దూ ప్రభావంతో ‘శక్కర్ బీమారి’ అన్నారు. నేడు అందరి నోటా ఉన్నది ‘షుగరు’. ‘షుగరు పుండు’ అనే సమాసంలో ఆంగ్లపదం పూర్వపదంగా, ద్రావిడ పదం ఉత్తరపదంగా కుదురుకొన్నాయి. ‘గాయపాకు’, ‘షుగరు పుండు’ రెండు వేర్వేరు కాలాల, వేర్వేరు అనుభవాల పదాలు. మొదటిది కొడవలి పట్టిన చేతి అనుభవం. రెండవది పరీక్ష చేయించుకొని ఫలితం చేతపట్టుకొన్న కాలపు అనుభవం. ఈ రెండింటినీ ఒక వాక్యంలో కలపడం నేటి పరిశోధకుడు చేస్తున్న పని. అది తప్పు కాదు. కాని అది కొత్త ప్రతిపాదన; పాత వారసత్వం కాదు.

6. ప్రయోగశాల చెప్పినది, చెప్పనిది

గడ్డిచామంతి వ్రణరోపణ గుణంపై 1980ల తొలినాళ్ల నుండి భారతీయ పరిశోధకులు జంతువులపై ప్రయోగాలు ప్రచురించారు. స్టెరాయిడ్ మందులవల్ల మందగించిన మానుదల ఈ మొక్క సారంతో కొంత మెరుగుపడడాన్ని కూడా వారు పరిశీలించారు. ఆ తరువాత మధుమేహ వ్రణాలపై అనేక ఆకులతో జరిగిన ప్రయోగాల పద్ధతి దాదాపు ఒకటే. స్ట్రెప్టోజోటోసిన్ వంటి రసాయనంతో ఎలుకకు మధుమేహం కలిగిస్తారు. వీపుమీద కొలిచిన గాయం చేస్తారు. ఆకు సారాన్ని లేపనంగా పూసి, రోజురోజుకూ గాయం విస్తీర్ణం ఎంత తగ్గిందో, కొత్త కణజాలంలో కొల్లాజెన్ ఎంత ఏర్పడిందో కొలుస్తారు.

ఈ ప్రయోగాలు విలువైనవే. అయితే ఎలుక వీపుమీద కత్తితో చేసినది తెలుగు పదార్థంలో గాయమే, పుండు కాదు. నెలల తరబడి స్పర్శలేని పాదంపై, చెప్పుల ఒత్తిడిలో, దుమ్ములో తయారైన పుండుకు అది పూర్తి ప్రతినిధి కాజాలదు. ఎలుక చర్మం చాలావరకు ముడుచుకొని మానుతుంది. మనిషి చర్మం కొత్త పొర అల్లుకొని మానవలసి ఉంటుంది. పైగా ప్రయోగంలో వాడేది శుద్ధిచేసిన సారం; గట్టుమీద తుంచిన ఆకు కాదు. మట్టి అంటిన పచ్చి ఆకును మధుమేహి పుండుపై కట్టడంవల్ల సూక్ష్మజీవులు చేరవచ్చు. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఆసుపత్రికి వెళ్లవలసిన రోజులు కట్టు కింద గడిచిపోవడం. ‘గాయపాకు’ అనే పేరును సరిగా చదివినవారు ఈ ప్రమాదాన్ని ముందే గ్రహిస్తారు.

7. నేల మారినప్పుడు

ఓషధిని ఏ నేలనుండి సేకరించాలో సుశ్రుతుడు సూత్రస్థానం 36వ అధ్యాయంలో చెప్పాడు. గుంటలు, గులకరాళ్లు, పుట్టలు, శ్మశానాలు ఉన్నచోటును విడిచిపెట్టాలి. విషం, అగ్ని, నీటి తాకిడి సోకిన మూలికను, దారిలో తొక్కుడు పడిన దానిని గ్రహించరాదు. ఈ నియమాన్ని పటాన్‌చెరు నేలపై నిలిపి చదివితే అది ప్రాచీన వాక్యంగా వినిపించదు.

1970లలో మొదలైన పారిశ్రామికీకరణతో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలు మందుల తయారీకి కేంద్రాలయ్యాయి. వ్యర్థజలాలు నక్కవాగు మీదుగా మంజీరలో కలిశాయి. బాధిత గ్రామాల పక్షాన 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. ఈ ప్రాంతంలోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రం నుండి వెలువడిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థాలను శుద్ధిచేసి వదిలిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. ఆ మందు వేసుకొన్న రోగి రక్తంలో ఉండే స్థాయికన్నా ఇది ఎక్కువ.

మధుమేహ వ్రణానికి సూక్ష్మజీవులు సోకినప్పుడు వైద్యులు వాడే మందులలో సిప్రోఫ్లాక్సాసిన్ ఒకటి. అదే మందు వాగు నీటిలో ఏళ్ల తరబడి కలిస్తే ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు బలపడతాయి. అప్పుడు పుండుకు వైద్యుని మందు పనిచేయకపోవచ్చు. గట్టుమీది ఆకు నిరపాయమని చెప్పడానికీ వీలుండదు. ఆసుపత్రి మందుకూ పల్లె మందుకూ ఒకేసారి చేటు తెచ్చిన నేలగా ఈ ప్రాంతాన్ని గుర్తించవలసి ఉంది. ‘సంప్రదాయ వైద్యం’ గురించి రాసేటప్పుడు ఆకు పేరుతో పాటు ఆకు మొలిచిన నేలను కూడా పేర్కొనడం ఇందుకే అవసరం.

8. పేరును నమోదు చేయడం: ఒక కర్తవ్యం

1995లో అమెరికా పేటెంటు కార్యాలయం గాయాలను మాన్పడానికి పసుపు వాడడంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి హక్కు ఇచ్చింది. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి అభ్యంతరం తెలపగా 1997లో అది రద్దయింది. రద్దుకు ఆధారమైనవి ముద్రిత గ్రంథాలు, పత్రికలలోని వ్యాసాలు. నాటి అమెరికా చట్టం ఇతర దేశాలలోని మౌఖిక వాడుకను పూర్వజ్ఞానంగా అంగీకరించలేదు. అచ్చులో ఉన్నదానినే అంగీకరించింది. పసుపుకు సంస్కృత శ్లోకం అండగా నిలిచింది. శ్లోకం లేని గాయపాకుకు అండ ఏది? అచ్చులోకెక్కిన పేరు మాత్రమే. ‘గాయపాకు’ అనే సమాసం, అది వినిపించిన ఊరు, వాడే తీరు, సేకరించిన తేదీతో ప్రచురితమైతే అదే ఒక దస్తావేజు.

ఈ పనికి మనకు పూర్వాదర్శం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతభేదాలతో నమోదు చేసింది. అదే పద్ధతిలో ఆకుపసరుల పేర్లను నమోదు చేయవచ్చు. హైదరాబాదులో 1956 నుండి వైద్యచరిత్ర అధ్యయనానికి ప్రత్యేక సంస్థ ఉంది. పటాన్‌చెరులోనే 1972లో వెలసిన ఇక్రిశాట్ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలను జన్యునిధిలో భద్రపరుస్తోంది. పంట విత్తనానికి నిధి ఉన్నచోట, కలుపుమొక్క పేరుకు నిఘంటువులో ఒక ఆరోపం ఉండడం పెద్ద కోరిక కాదు.

ప్రతి పేరుకూ ఐదు వివరాలు నమోదు కావాలని ఈ వ్యాసం సూచిస్తుంది: పేరు వినిపించిన ఊరు, భాష, ఆకును వాడే రూపం (పసరా, ముద్దా, కప్పడమా), వాడే సందర్భం (గాయమా, పుండా, కురుపా), వాడకూడదని చెప్పే సందర్భం. ఐదవ వివరం సాధారణంగా మన సేకరణలలో జారిపోతుంది. వైద్యజ్ఞానంలో నిషేధం విధికన్నా తక్కువది కాదు.

9. ముగింపు

గాయపాకు ప్రాచీన శాస్త్రాల నుండి దిగినది కాదు. అది ఇటీవలి శతాబ్దాలలో, పొలంలోనూ బడిలోనూ పనిచేసిన చేతులు పరీక్షించి నిలబెట్టిన జ్ఞానం. ప్రాచీనత లేదని చెప్పడం దానిని తక్కువ చేయడం కాదు. శాస్త్రాధారం లేకుండానే ఒక కొత్త మొక్క గుణాన్ని కనుగొన్న ప్రజల ప్రతిభను గుర్తించడం. ఆ ప్రజలే దాని హద్దును కూడా పేరులో నిక్షేపించారు. పొట్టలకెరె పేరులో చెరువు నిలిచినట్లే గాయపాకు పేరులో గాయం నిలిచింది. ఆ మాటను పుండు వరకు సాగదీయాలంటే రోగులపై సక్రమమైన పరీక్షలు జరగాలి. అవి జరిగేవరకు మధుమేహి పాదంలో లేచిన పుండుకు చోటు వైద్యుని ఎదుట; గాయపాకుకు చోటు పదకోశంలో, పరిశోధనలో.